రెండేళ్ల వయసులో ఏది వింత?

"నీకు గుర్తున్న మొట్టమొదటి సంగతి ఏంటి?" అని ఎవరిని అడిగినా కాసేపు ఎటో చూసి, ఒక ముక్క చెబుతారు. తలుపు సందులోంచి పడ్డ వెలుగు, ఎవరిదో భుజం, కిందపడి పగిలిన గాజు సామాను. అప్పటికి వయసెంత అని అడిగితే సగటు లెక్క మూడు, మూడున్నరేళ్ల దగ్గర ఆగుతుంది. 1893లో అమెరికాలో కరోలిన్ మైల్స్ ఈ ప్రశ్న వేసి జవాబులు పోగుచేసినప్పుడు కూడా మూడేళ్లనే తేలింది. అంతకు ముందువి గుర్తులేకపోవడానికి తర్వాత కొన్నేళ్లకు ఫ్రాయిడ్ ఒక పేరు పెట్టాడు. తెలుగులో శైశవ విస్మృతి అనుకుందాం. పేరు నిలిచింది కానీ, కోరికల్ని అణచుకోవడం వల్లే ఇదంతా అని ఆయన చెప్పిన కారణం నిలవలేదు.

చిక్కేమిటంటే, రెండేళ్ల పిల్లకి మతిమరుపేమీ ఉండదు. బొమ్మ ఎక్కడ దాచారో ఆమెకి గుర్తే. ఇంజెక్షన్ చేసిన గది గుమ్మం కనబడగానే ఏడుపు లంకించుకుంటుంది. అన్నీ అంతలా పట్టుకున్న బుర్రలోంచి పదేళ్ల తర్వాత ఒక్కటీ ఎందుకు పైకి రాదు? "అప్పటికి మెదడు ఎదగదు కదా" అనేది అందరూ చెప్పే జవాబు. అది తప్పు కాదు గానీ, దానితో సంగతి సగం కూడా తేలదు.

ముందు మెదడు సంగతే చూద్దాం. మాటలు రాని పిల్లల జ్ఞాపకాన్ని కొలవడానికి కరోలిన్ రోవీ-కోలియర్ చాలా సులువైన పద్ధతి కనిపెట్టారు. పసివాణ్ని తొట్టిలో వెల్లకిలా పడుకోబెట్టి, కాలి చీలమండకి ఒక రిబ్బను కట్టి, దాని రెండో కొసని పైన వేలాడే బొమ్మల గుత్తికి ముడేస్తారు. కాలు తన్నితే బొమ్మలు ఊగుతాయి. ఆ కిటుకు పిల్లలకి కొద్ది నిమిషాల్లోనే పట్టుబడుతుంది. కొన్నాళ్ల తర్వాత మళ్లీ అదే గుత్తి కింద పడుకోబెట్టి, ఈసారి రిబ్బను ముడేయకుండా చూస్తారు. గుర్తుంటే తన్నుడు పెరుగుతుంది. రెండు నెలల పిల్లలకి ఒకటి రెండు రోజులు, మూడు నెలలకి ఇంచుమించు వారం, ఆరు నెలలకి రెండు వారాలు గుర్తుంది. మీట నొక్కితే బొమ్మ రైలు కదిలే ఇలాంటి ఆటే పెద్ద పిల్లలకి పెడితే, ఏడాదిన్నర వాళ్లకి మూడు నెలల దాకా నిలిచింది.

ఇందులో రెండు సంగతులు పట్టించుకోవాలి. మూడు నెలల పిల్ల రెండు వారాలకి పూర్తిగా మరిచిపోయినట్టే కనబడుతుంది. కానీ పరీక్షకి ముందు రోజు ఆ బొమ్మల గుత్తిని ఎవరో మూడు నిమిషాలు ఊపి చూపిస్తే చాలు, మర్నాడు మళ్లీ తన్నుతుంది. అంటే జ్ఞాపకం చెరిగిపోలేదు, దాన్ని పైకి లాగే కొక్కెం దొరకలేదంతే. ఇక రెండోది: ఆరు నెలల పిల్లలకి తొట్టి చుట్టూ కట్టిన గుడ్డ మీది డిజైన్ మారిస్తే చాలు, అదే గుత్తిని చూసి కూడా ఏమీ ఎరగనట్టు ఉండిపోయారు. పసితనపు జ్ఞాపకం చుట్టూ ఉన్నవాటికి అంత గట్టిగా అతుక్కుని ఉంటుంది. ఇల్లు మారి, తొట్టి పోయి, తానే మూడడుగులు పెరిగాక, ఆ గుడ్డ డిజైన్ మళ్లీ ఎక్కడ ఎదురవుతుంది?

2025లో యేల్ విశ్వవిద్యాలయం బృందం 4 నుంచి 25 నెలల పిల్లలు 26 మందికి మెలకువగా ఉండగానే మెదడు స్కాన్ చేసింది. కదలకుండా పడుకో అని చెప్పడానికి వీల్లేని వయసు, ఆ పని ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. ఒక ఫొటో చూసేటప్పుడు హిప్పోకాంపస్ (మెదడులో జ్ఞాపకాల్ని పోగుచేసే భాగం) ఎంత చురుగ్గా ఉంటే, తర్వాత అదే ఫొటో మళ్లీ వచ్చినప్పుడు పిల్లలు దాన్ని అంత ఎక్కువసేపు చూశారు. ఏడాది దాటిన పిల్లల్లో ఇది మరింత స్పష్టం. కాబట్టి రాసుకునే యంత్రం ఏడాదికే పనిలో పడుతోంది. మరి రాసింది ఏమవుతోంది? టొరంటోలో పాల్ ఫ్రాంక్‌లాండ్, షీనా జోసెలిన్ బృందం 2014లో ఎలుకల మీద దీనికి ఒక జవాబు చూపించింది. పసితనంలో హిప్పోకాంపస్‌లో కొత్త నాడీకణాలు చాలా వేగంగా పుట్టుకొస్తాయి. అవి పాత అల్లికలోకి దూరి దాన్ని చెదరగొడతాయి. ఆ పుట్టుకని మందుతో తగ్గిస్తే పిల్ల ఎలుకలు మరిచిపోవడం తగ్గింది. పుట్టేసరికే మెదడు చాలావరకు తయారై ఉండే గినీ పందుల్లో ఆ మరుపు అసలే కనబడలేదు. 2018లో ఇదే బృందం, పిల్ల ఎలుక దేన్నో నేర్చుకునేటప్పుడు పనిచేసిన కణాలకి గుర్తుపెట్టి, అది పెద్దయ్యాక ఆ కణాల్నే కాంతితో తట్టింది. పోయిందనుకున్న జ్ఞాపకం తిరిగొచ్చింది. ఇవి ఎలుకల సంగతులు, మనుషుల మెదడులోకి కాంతి పంపి ఎవరూ చూడలేదు. అయినా రోవీ-కోలియర్ తొట్టిలో చూసినదానికీ దీనికీ పొంతన కుదురుతోంది.

బొమ్మల్ని చిన్నవి చేసే పెట్టె

మెదడు కథ ఇక్కడితో ఆపి మాటల దగ్గరికి వద్దాం. న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయంలో గాబ్రియెల్ సిమ్‌కాక్, హార్లీన్ హేన్ ఒక పెట్టె తయారుచేయించారు. మీట లాగితే దీపాలు వెలుగుతాయి. పెద్ద బొమ్మని పైనుంచి లోపల వేసి పిడి తిప్పితే చప్పుళ్లు వస్తాయి. కింద తలుపు తీస్తే అదే బొమ్మ, కానీ చిన్నది. అక్కడున్న పిల్లల వయసు 27, 33, 39 నెలలు. ఆ రోజే వాళ్ల తల్లిదండ్రుల్ని అడిగి, ఏ పిల్లకి ఏయే మాటలు వచ్చో పట్టిక రాసుకున్నారు.

ఆరు నెలలకో ఏడాదికో మళ్లీ వెళ్లి మూడు రకాలుగా అడిగారు. ఏం జరిగిందో చెప్పమన్నారు, ఫొటోల్లో ఆ బొమ్మలేవో గుర్తుపట్టమన్నారు, చివరికి పెట్టె ముందుంచి చేసి చూపించమన్నారు. చేతులు చాలా గుర్తుపెట్టుకున్నాయి, ఫొటోలు కూడా గుర్తుపట్టారు. మాటల్లో మాత్రం వచ్చింది తక్కువ. ఈలోగా ఆ పిల్లలకి బోలెడు కొత్త మాటలు వచ్చేశాయి. అయినా జరిగిన రోజు తమకి రాని మాటని ఆ సంఘటన చెప్పడానికి ఒక్క పిల్ల కూడా వాడలేదు. పెట్టెని చూసిన రోజు "పిడి" అన్న మాట రాకపోతే, ఏడాది తర్వాత ఆ మాట వచ్చినా, పెట్టె గురించి చెప్పేటప్పుడు అది నోటికి రాలేదు. ఆరేళ్ల తర్వాత మళ్లీ అడిగితే 46 మందిలో అయిదో వంతు మందే మాటల్లో ఏదో ఒకటి చెప్పగలిగారు.

దీన్ని గోడలా భావించకూడదు. వస్తువులు ఎదురుగా పెట్టి, కొత్త మాటలు నేర్పి అడిగితే కొందరు పిల్లలు పాత అనుభవానికి కొత్త మాట తగిలించగలిగారని తర్వాతి పరిశోధనల్లో తేలింది. కానీ వాళ్లంతట వాళ్లు ఆ అనువాదం చేసుకోవడం అరుదు. మన మొదటి జ్ఞాపకం అంటున్నది నిజానికి మాటల్లో పెట్టుకోగలిగిన మొదటి ముక్క. గుర్తుండటం మొదలైన తేదీ అంతకు చాలా ముందే ఉంది.

పెద్దవాళ్ల వింత, పిల్లల వింత

ఇప్పుడు అసలు సంగతి. "అంత పెద్ద ఘటన జరిగితే వాడికి ఎలా గుర్తులేదు?" అని పెద్దవాళ్లు ఆశ్చర్యపోతారు. ఆ ప్రశ్నలోనే ఒక పొరపాటు ఉంది.

రాబిన్ ఫైవుష్, ఆమె సహచరులు రెండున్నరేళ్ల పిల్లల్ని వాళ్ల జీవితంలో జరిగిన ప్రత్యేక సందర్భాల గురించి అడిగారు. ఆ వయసులో గుడారం వేసుకుని ఆరుబయట గడిపొచ్చిన పిల్లని అక్కడ ఏమైందని అడిగితే వచ్చే జవాబు ఇలా ఉంటుంది: రాత్రి అన్నం తిన్నాం, పడుకున్నాం, లేచాం, మళ్లీ తిన్నాం. అడవి, మంట, నక్షత్రాలు ఏవీ రావు. పెద్దవాళ్లకి ఇది వినగానే నీరసం వస్తుంది.

కానీ ఆ పిల్ల వైపు నుంచి చూడండి. వింత అనేది దానంతటది ఉండదు, మామూలు అనేది ఒకటుంటే దాని పక్కన పెట్టి చూసినప్పుడే వింత తెలుస్తుంది. రెండేళ్ల పిల్ల ఇంకా ఆ మామూలునే కూడగట్టుకుంటోంది. తినడం తర్వాత పడుకోవడం వస్తుంది, పడుకోవడం తర్వాత లేవడం వస్తుంది అనే క్రమమే ఆమెకి పెద్ద ఆవిష్కరణ. కొత్త చోట కూడా ఆ క్రమం అలాగే నడిచిందంటే, ఆమె లెక్కలో చెప్పుకోదగ్గ విశేషం అదే. కేథరిన్ నెల్సన్ ఈ క్రమాల్ని స్క్రిప్టులు అన్నారు. స్క్రిప్టు గట్టిపడ్డాకే దాన్ని తప్పినది విడిగా నిలబడుతుంది. ఒకే కిండర్‌గార్టెన్ పిల్లల్ని ఒకసారి ఒక మ్యూజియానికి తీసుకెళ్లి, పురావస్తు తవ్వకం ఆట ఆడిస్తే, ఏడాది తర్వాత కూడా, సరైన ఆనవాలు అందిస్తే ఆరేళ్ల తర్వాత కూడా అందులో కొందరికి గుర్తుంది. అయిదేళ్లకి వాళ్ల చేతిలో మామూలు ఉంది, అందుకే వింతకి చోటు దొరికింది.

కారణం అర్థం కావడం కూడా దీనికి తోడు. అమెరికాలో ఒక ప్రీస్కూల్ భవనంలో పాప్‌కార్న్ మాడి, ఫైర్ అలారం మోగి, పిల్లలందర్నీ బయటికి పంపారు. డేవిడ్ పిల్లమర్ బృందం సుమారు రెండు వారాలకి వెళ్లి మూడున్నరేళ్ల వాళ్లనీ నాలుగున్నరేళ్ల వాళ్లనీ అడిగింది. అప్పట్లో ఇద్దరికీ గుర్తుంది. కానీ పెద్ద పిల్లలు అలారం ఎందుకు మోగిందో, ఎందుకు పరిగెత్తాల్సొచ్చిందో కూడా చెప్పారు. ఏడేళ్ల తర్వాత అడిగితే, చెప్పగలిగినవాళ్లలో ఎక్కువ మంది అప్పట్లో నాలుగున్నరేళ్ల వాళ్లే. మొదటి రోజు "ఎందుకు" తెలియని సంఘటన విడి ముక్కలుగానే ఉండిపోయింది, వాటిని గుచ్చే దారం లేకపోయింది.

అలాగని పసివాళ్లకి వింతే తెలియదనుకుంటే అదీ పొరపాటు. భౌతిక నియమం తప్పినప్పుడు వాళ్ల కన్ను చాలా ముందే పసిగడుతుంది. 2015లో ఎయిమీ స్టాల్, లీసా ఫైగెన్సన్ 11 నెలల పిల్లలకి రెండు బూటకాలు చూపించారు: బంతి గోడలోంచి అవతలికి వెళ్లిపోయినట్టు, బొమ్మ కారు అరుగు దాటినా కింద పడకుండా గాల్లో నిలిచినట్టు. తర్వాత ఆ వస్తువులు చేతికిస్తే, గోడ దాటిన బంతిని పిల్లలు బల్లకేసి కొట్టారు, గాల్లో నిలిచిన కారుని కింద పడేశారు. ఒకటి గట్టిదేనా అని, రెండోది పడుతుందా లేదా అని చూశారన్నమాట. ఏడాది నిండని పిల్లలు ఇంత గురిపెట్టి సోదా చేస్తారని ఎవరనుకుంటారు?

ఇక్కడినుంచి రెండున్నరేళ్లకి వచ్చేసరికి మరో మలుపు. జూడీ డిలోచ్ ఒక గదిలో బొమ్మని దాచి, అదే గది చిన్న నమూనాలో వెతకమంటే రెండున్నరేళ్ల పిల్లలు తెల్లబోయేవాళ్లు. మూడేళ్ల వాళ్లు టక్కున తీసేవాళ్లు. 1997లో ఆవిడ బృందం ఒక ఉపాయం వేసింది. ఇది గదులని చిన్నవి చేసే యంత్రం అని చెప్పి, దాన్ని గది వైపు తిప్పి, పిల్లని బయటికి తీసుకెళ్లి ఏవో చప్పుళ్లు వినిపించి, తిరిగొచ్చేసరికి అక్కడ చిన్న నమూనా ఉంచింది. పిల్లలు నమ్మారు. బొమ్మ ఉన్న చోటికే నేరుగా వెళ్లారు. నమూనా ఒక గదికి గుర్తు అని అర్థం చేసుకోవడం వాళ్లకి కష్టం. గది మొత్తం చిన్నదైపోయిందనుకుంటే, అది అదే గది, ఇక అర్థం చేసుకోవాల్సింది ఏముంది? పెద్దవాళ్లకి అసాధ్యమనిపించేదే వాళ్లకి సులువైన దారి అయింది.

1969లో రీటా డివ్రీస్ మేనార్డ్ అనే పెంపుడు పిల్లికి కుక్క ముఖం ముసుగు తొడిగితే, మూడేళ్ల పిల్లల్లో చాలామంది అది కుక్కయిపోయిందన్నారు, కొందరు దగ్గరికి రావడానికే జంకారు. ఆరేళ్ల వాళ్లు మాత్రం ముసుగు వేసిన పిల్లి అన్నారు. కాబట్టి "పిల్లలు దేన్నైనా నమ్మేస్తారు" అనే మాట సగమే నిజం. వాళ్లు కంటికి కనబడ్డదాన్ని నమ్ముతారు, కళ్లు తప్పు చూపిస్తాయనే అనుమానం తర్వాత వస్తుంది.

అడిగేవాళ్లు చేసే పాడు

పిల్లల జ్ఞాపకం మీద ఎక్కువ దెబ్బ కొట్టేది మరుపు కాదు, మన ప్రశ్నలు. 1994లో స్టీఫెన్ సెసీ బృందం ప్రీస్కూల్ పిల్లల్ని వారం వారం కూర్చోబెట్టి, జరిగినవీ జరగనివీ కలిపి అడిగింది. ఎలుకల బోనులో వేలు ఇరుక్కుని ఆసుపత్రికి వెళ్లాల్సొచ్చిందా అనేది జరగనివాటిలో ఒకటి. పది వారాల దగ్గరికి వచ్చేసరికి 58 శాతం పిల్లలు జరగని సంఘటనల్లో కనీసం ఒకదాన్ని జరిగినట్టు కథగా చెప్పారు, వివరాలతో సహా. ఆ వీడియోలు చూసి ఏది నిజమో ఏది కాదో నిపుణులు కూడా తేల్చలేకపోయారు.

కాబట్టి పిల్లకి ఏదో అసాధారణమైనది జరిగిందని అనుమానం వస్తే, పద్ధతి ఇలా ఉండాలి. మొదటి ప్రశ్న "ఏమైందో చెప్పు" అనే ఉండాలి. ఆ తర్వాత పది సెకన్లు నోరు కట్టుకోవాలి, చాలామంది రెండో సెకనుకే తామే మాట అందిస్తారు. పిల్ల వాడిన మాటనే తిరిగి వాడి "తర్వాత?" అనాలి. రెండు మూడేళ్ల వాళ్లని "అవునా కాదా" అని అడగొద్దు, రెండేళ్ల వాళ్లు దేనికైనా అవుననే మొగ్గుతారు. అడిగిందే మళ్లీ అడిగితే మొదటి జవాబు తప్పేమోనని మార్చేస్తారు. "తెలీదు అన్నా ఫర్వాలేదు" అని ముందే చెప్పాలి, ఎందుకంటే "పాలు నీళ్లకన్నా పెద్దవా?" అని అడిగితే కూడా అయిదేళ్ల పిల్లలు ఏదో ఒక జవాబిచ్చేశారని 1980లో హ్యూస్, గ్రీవ్ చూపించారు. ఎప్పుడు, ఎన్నిసార్లు అన్నవి ఆ వయసుకి పనికిరాని ప్రశ్నలు. మూడేళ్ల నోట "నిన్న" అంటే గడిచినదంతా. "నిద్ర లేవకముందా, లేచాకనా" లాంటివే అందుతాయి. ఇక అడిగినదీ చెప్పినదీ పొల్లుపోకుండా, అదే రోజు కాగితం మీద పెట్టాలి. జవాబు ఒక్కటే రాస్తే, ఆ జవాబు ఏ ప్రశ్న నుంచి ఊడిపడిందో తర్వాత ఎవరూ చెప్పలేరు.

ఇంట్లో కబుర్లకి మాత్రం ఇదంతా అక్కర్లేదు, పైగా అక్కడ నియమం తిరగబడుతుంది. తల్లో తండ్రో తామూ అక్కడున్న సంఘటన గురించి "అప్పుడు ఎవరొచ్చారు? నువ్వేం చేశావ్?" అని విప్పి విప్పి మాట్లాడిన పిల్లలు, పన్నెండు పదమూడేళ్లకి మరింత చిన్న వయసు జ్ఞాపకాలు చెప్పారని న్యూజిలాండ్ పరిశోధకులు చూశారు. గతాన్ని తవ్వి చెప్పుకునే ఆనవాయితీ బలంగా ఉన్న మావోరీలలో (అక్కడి మూలవాసులలో) మొదటి జ్ఞాపకం వయసు కూడా మిగతావాళ్లకన్నా తక్కువే. తేడా అంతా ఒక్క చోటే ఉంది: మీరు అక్కడుంటే కలిపి చెప్పడం జ్ఞాపకానికి ఊతం, మీరు లేకపోతే అదే పని కల్తీ.

మీ మొదటి జ్ఞాపకం మీదేనా?

పిల్లల ఆలోచన మీద పరిశోధించిన మనస్తత్వవేత్త జాన్ పియాజే చాలా ఏళ్లు, తనకి రెండేళ్లప్పుడు పారిస్‌లో బండిలో కూర్చుని ఉండగా ఎవరో ఎత్తుకుపోబోయారని, ఆయా అడ్డుపడి ముఖం మీద గీరుళ్లు తెచ్చుకుందని కళ్లకు కట్టినట్టు గుర్తుపెట్టుకున్నాడు. ఆయనకి పదిహేనేళ్లప్పుడు ఆ ఆయా కథంతా అబద్ధమని ఉత్తరం రాసి, బహుమతిగా ఇచ్చిన గడియారం తిరిగి పంపేసింది. ఆయన విన్న కథే చూసిన దృశ్యంగా మారిందన్నమాట. 2018లో 6,641 మందిని అడిగితే 38.6 శాతం రెండేళ్లకో అంతకన్నా ముందో జరిగింది గుర్తుందన్నారు. 893 మంది ఏడాదికో అంతకన్నా ముందో జరిగింది కూడా గుర్తుందన్నారు. వాటిలో చాలావరకు ఫొటోలనుంచీ ఇంట్లో చెప్పుకునే మాటలనుంచీ అల్లుకున్నవేనని పరిశోధకుల అభిప్రాయం.

అందరివీ కల్పనలే అనడం కూడా తొందరపాటే. క్యారల్ పీటర్సన్, చీ వాంగ్ పరిశోధనల్లో తేలిందేమిటంటే, మనం తొలి జ్ఞాపకాల తేదీని ముందుకి జరుపుతాం. రెండున్నరేళ్లప్పటిది మూడున్నరేళ్లది అనుకుంటాం. కాబట్టి వయసు ఊహించడం మానేసి ఆనవాళ్లు వెతకాలి: ఆ దృశ్యంలో ఏ ఇల్లు, తమ్ముడో చెల్లో ఉన్నారా, తలుపు గడియ మీ కన్నా ఎంత ఎత్తులో ఉంది. ఇల్లు మారిన తేదీ, పుట్టిన తేదీ కాగితాల మీద ఉంటాయి, వాటితో సరిపోల్చుకోవాలి. దృశ్యంలో మిమ్మల్ని మీరే బయటినుంచి చూస్తుంటే, ఆల్బంలో ఆ కోణంలో తీసిన ఫొటో ఉందేమో వెతకండి. మీరు చెప్పే వివరాల్లో ఎవరూ మీకు చెప్పని, ఎవరికీ పట్టని చిన్న వస్తువు ఏదైనా ఉంటే దానికి విలువెక్కువ.

మరో ఇబ్బంది ఉంది. పీటర్సన్ బృందం 4 నుంచి 13 ఏళ్ల పిల్లల్ని మొదటి జ్ఞాపకాలు అడిగి, రెండేళ్ల తర్వాత మళ్లీ అడిగింది. చిన్నవాళ్లు రెండోసారి వేరేవి చెప్పారు. మొదటిసారి వాళ్లే చెప్పిన సంఘటనని చదివి వినిపిస్తే, చాలామంది అలాంటిది జరగనే లేదన్నారు. పదేళ్లు దాటినవాళ్లలో మాత్రం అదే జ్ఞాపకం మళ్లీ రావడం మొదలైంది. ఇంట్లో అయిదేళ్ల పిల్ల ఉంటే ఇవాళ అడిగి, తేదీ వేసి రాసి ఉంచండి. ఏడేళ్లప్పుడు ఆ కాగితం చూపించకుండా మళ్లీ అడగండి.